చిలుక్కొయ్యకు చెయ్యి

పాలమూరు క్యాంపుల ఇచ్చిండ్రు ఈ చెయ్యి.
అట్టడబ్బల పెట్టి, మీద పెన్నుతోని రాసి
"కుర్మమ్మ, కుడి" అని,
చెప్పుల జతల ఒక్కటే ఇచ్చినట్టు.

రంగు నాది గాదు.
నీడపట్టున కూసునేటోళ్ళ రంగు.
"నల్లయి లేవా సారూ" అన్న.
"స్టాకు ఇదే వచ్చిందమ్మా."
వరుసల నా ఎనకాల మాసన్న
మోకాలు దాక తెల్లకాలు తొడుక్కొని
"పెండ్లికి సగమే పౌడరు కొట్టుకున్నట్టుంది గదక్కా" అని
నవ్వి నవ్వి గోడ పట్టుకున్నడు.

సదరం కాడ డాక్టరు
నన్ను శాతంల కొలిసి
డెబ్బయి అని రాసిండు.
మిగిలిన ముప్పై యాడుందో
నేను అడగలే, ఆయన చెప్పలే.

అసలు చెయ్యి
సాయిరెడ్డి పల్లికాయ మిషన్ల పోయింది.
శివరాత్రి ఇంక నాలుగొద్దులుందనంగ.
చిక్కుకున్న తీగెను నేను గుంజిన,
మిషను నన్ను గుంజింది.
నెత్తురు కంటె ముందు యాదికొచ్చిందేందంటే
ఆ చేతి గాజులు కొత్తయి,
మొన్ననే పెబ్బేరు సంతల ఏయించుకున్నయని.

మా తమ్ముడు బాలీశ్వరు
తవుడు సంచిల సుట్టుకొని పోయి
చేను గట్టున సీతాఫలం చెట్టు కింద బొంద పెట్టిండు.
చేతికి దినాలు చేస్తరా, మైల ఎన్నొద్దులు,
ఊర్ల ఎవ్వరికి తెల్వదు.
బెల్లంముక్క ఒకటి పెట్టి
ఎనకకు సూడకుంట వచ్చిండట.
ఆ చెట్టు పండు నేను ముట్ట.
ఇంట్ల తింటరు. తియ్యగుంటదట.

కొత్త చేతికి గాజులెక్కవు.
ఖైరూన్‌బీ ఎప్పటిలెక్కనే
వేళ్ళు దగ్గరికి నొక్కబోయి ఆగింది.
ముప్పై ఏండ్ల సంది నా ఎముకలు ఆమెకెరుక.
"ఇది ఒంగదు గదనే" అని
ఊడదీసి ఎనక దిక్కు నుంచి సూసింది.
అటు ఇంకా లావు.
ఎడమ చేతికే రెండు డజన్లు ఎక్కించి
ఒక్క డజను పైసలు తీసుకుంది.

రేషన్ కాడ మిషను బొటనవేలు అడుగుతది.
ఎడమది పత్తి ఏరి ఏరి అరిగింది.
కుడిది రబ్బరు.
"మ్యాచ్ అయితలేదు కుర్మక్కా,
రేపు రా" అన్నడు బక్కన్న, మూడో రేపు.
పట్టీలు ఇప్పి
చేతిని తీసి త్రాసుల పెట్టిన.
"కుదవ పెట్టుకో. బియ్యం పొయ్యి."
అలవాటు గద, తూకం సూసిండు.
ఆరువందల గ్రాములు.
లైన్ల ఎవ్వరు మాట్లాడలే.
కన్ను సూసే మిషను
అప్పుడు బయటికొచ్చింది సంచిల నుంచి.

ఆషాఢంల మనుమరాలు శ్రీనిజ
రెండు చేతులకు గోరింటాకు పెట్టింది.
ఒకటి పండింది.
పండనిదాన్ని ఒళ్ళె పెట్టుకొని
నీలం పెన్నుతోని గీతలు గీసింది,
ఆయుష్షు గీత మోచేయి దాక.
"నూరేండ్లు బతుకుతవ్ నాయనమ్మా."
"నేనా, చెయ్యా?" అన్న.
పెన్ను కొరుక్కుంట చానసేపు కూసుంది.

రాత్రి ఇప్పి చిలుక్కొయ్యకు తగిలిస్త,
కొడవలి పక్కన.
కరెంటు పోయి ఉక్క పోసే యాళ్ళ
లేని చూపుడువేలు దురద పెడతది.
యాడ గోకాలె?
సీతాఫలం చెట్టు అద్దకోసు దూరం,
తొవ్వల కుక్కలు.
లేసి, చీకట్ల తడుముకుంట పోయి
ఎడమ గోళ్ళతోని
గోడకున్న చేతి వేలు గోకుత.

కొన్నిసార్లు తగ్గుతది.