ఆరని పసుపు

బరంపురంలో మాది రంగులోళ్ళ వీధి.
ఎండాకాలం గోపాలపురం గాలి ఉప్పు మోసుకొచ్చేది,
చలికాలం మంచు
దండేల మీది పట్టుపోగుల్ని ఆరనిచ్చేది కాదు.

కొత్త రాష్ట్రం పుట్టి ఏడాది నిండని ఆ పుష్యమాసం
కచేరీ గుమస్తా బైష్ణబ బాబు
మా తాత దాలయ్య వాకిట్లో
నాలుగు చెక్కపెట్టెలు దింపించాడు.
"నాలుగు రంగులు, రెండు రోజులు, భోటుకి" అన్నాడు.
ఆ 'భో'కి పిల్లలు పడీపడీ నవ్వారట.

మనిషికో పెట్టె, పెట్టెకో రంగు.
తెర వెనక్కి పోయి
చీటీ నచ్చిన రంగులో పడేసి రావాలి.
చదువు రానివాడికి కన్నే అక్షరం.
దేవుడు తప్ప ఎవడూ చూడడన్నాడు బాబు.
"దేవుడికి ఓటుందేటి బాబూ?" అన్నాడు తాత.
తనకీ లేదు.
అద్దె కొంప, కట్టే పన్ను లేదు,
సంతకం బదులు వేలిముద్ర,
అదీ రోజుకో రంగులో.

పోగుకైతే పటిక పట్టిస్తే రంగు నిలుస్తాది,
చెక్కకేటి పట్టించాల?
అవిసెనూనె కాచాడు, జర్మనీ పొడి కలిపాడు.
ఎరుపు ఆరింది. నీలం ఆరింది. ఆకుపచ్చ
తెల్లారేసరికి గోరు గీరినా రాలేదు.
పసుపు మాత్రం
మంచు తాగి, మెత్తగా, అలాగే ఉంది.
బండి వచ్చేసింది.

పట్టు సావుకారు పొట్నూరు కామయ్య
బడి గుమ్మం దగ్గర కుర్చీ వేయించుకున్నాడు.
ఓటున్న ప్రతి నేతగాడి పేరూ
ఆయన అప్పుల చిట్టాలోనూ ఉంది.
లోపలికి పోయేవాడితో ఒకటే మాట:
"ఆకుపచ్చ."
బయటికొచ్చేవాడి మొహం మాత్రం చూశాడు.
చేతులు చూడలేదు.

దీపాలవేళ వరహాలమ్మ వచ్చింది, సావుకారు భార్య,
మొగుడు కట్టిన పన్నుకి
తనకీ ఓటు దక్కిన మనిషి.
"ఈ పోగు వెలిసింది దాలయ్యా, చూడు" అంది.
పోగు వెలవలేదు.
పైటకొంగులోంచి తీసిన చూపుడువేలికి
గోటి అంచున, సన్నగా.

"పసుపు రాసుకున్నారనుకుంటారులెండమ్మా"
అంది నాయనమ్మ.
తాత తల అడ్డంగా ఊపాడు.
"ఆయన నలభై ఏళ్ళుగా పట్టు కొంటున్నాడే.
పసుపుకీ పసుపుకీ తేడా తెలిసినోడు."

కిరసనాయిలైతే చిటికెలో పోతుంది,
వాసన మాత్రం ఇంటిదాకా వెంటపోతుంది.
అందుకని నువ్వులనూనె, గుప్పెడు తవుడు.
నాయనమ్మ రుద్దుతుంటే
తాత గోడవైపు తిరిగి నిలబడ్డాడు.
ఏమీ అడగలేదు.
వరహాలమ్మ వేలిని ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకుంది,
వెలవని పోగు అక్కడే మరచి
జట్కా ఎక్కింది.

ఆమె పోయాక తలుపు మళ్ళీ చప్పుడైంది.
తరవాత మళ్ళీ.
ఒకడు చెంబు కోసమన్నాడు, ఒకడు నిప్పు కోసమన్నాడు,
మగ్గం పని చేసే ముసలి అప్పలస్వామి
ఏ సాకూ చెప్పకుండా చెయ్యి చాపాడు.
వాకిట్లో ఎదురుపడ్డా
వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదట.
తవుడు అయిపోతే పక్కింట అరువు తెచ్చింది నాయనమ్మ.
పక్కింటి ఆమె ఎందుకని అడగలేదు.
తన మొగుడికీ కావాలని
ఓ పిడికెడు ఉంచుకుని ఇచ్చింది.

ఛత్రపురంలో పెట్టెలు విప్పకముందే
ఓటు లేని మా తాతకి లెక్క తెలిసిపోయింది.
ఎవరితోనూ అనలేదు.

నెల తిరిగాక కూలి ఇచ్చాడు బైష్ణబ బాబు,
పెట్టెకి ఆరణాలు, నాలుగింటికి రూపాయిన్నర.
తాత ఆరణాలు వెనక్కి ఇచ్చేశాడు.
"పసుపు ఆరకముందే ఇచ్చేశాను బాబూ,
ఆ సరుక్కి కూలి పుచ్చుకోను."

గెలిచిందెవరని నేను అడిగితే
నాయనమ్మ చాలాసేపు ఆలోచించింది.
పేరు గుర్తు రాలేదు.
రూపాయి రెండణాలు, అంది,
అందులో పావలా తవుడు బాకీకే పోయింది.