అతుకు

వాయుగుండం పట్టినప్పుడల్లా
పాత గోడకీ కొత్త గదికీ మధ్య
చెమ్మ గీత ఒకటి దిగేది.
బట్టల సుద్దతో పక్కనే తేదీ వేసేదాన్ని.
మూడేళ్ళలో అది మిషను దాకా వచ్చింది,
రెడ్డెమ్మ పెళ్ళి జాకెట్టుకి ఉప్పు మరకై.

రెండుసార్లు సిమెంటు కూరించాను.
ఒకసారి తారు.

"బిగించే కొద్దీ పగులుద్దమ్మే" అన్నాడు
బిట్రగుంట నుంచి వచ్చిన దస్తగిరి మేస్త్రి
తాపీ పిడితో తట్టి, గోరుతో చవుడు గీకి.
"మీ మామ కట్టిన ఇటుక
దిగాల్సినంత ఎప్పుడో దిగింది.
కొత్తది ఇంకా దిగతా ఉంది.
రెండిటినీ కలిపి కట్టేస్తే ఎట్టా?"

సున్నం దరజు తొలిచి
రేకు ఒక అంచు పాత గోడలో దోపాడు.
రెండో అంచుని కొత్త కప్పు మీద
ఊరికే వాలనిచ్చాడు, మేకు కొట్టకుండా.

ముప్ఫై ఏళ్ళుగా
చంక కింద అంగుళం బట్ట వదిలి కుడుతున్నదాన్ని.
నాకు తట్టలేదు చూడు.

కూలి లెక్కబెట్టుకుంటూ అన్నాడు:
"ఇప్పుడే రంగు వేయించబాక.
ఉన్న ఉప్పంతా కక్కనీ."

కార్తీకం వాన రాత్రంతా కావలిని కొట్టింది.
పొద్దున్నే సుద్ద పట్టుకుని వెళ్ళాను.
గోడ మీద పాత తేదీలే.
మిషను మీద రాలిన తెల్లపొడి తుడిచి
సూదిలోకి దారం ఎక్కించాను.