వాదితో సంబంధం

తార్నాకలో బస్సు దిగి
అలవాటుగా వెనక్కి చూశాను, ఎవరైనా దిగకుండా మిగిలారా అని.
ముప్పై ఏళ్లు కండక్టరు డ్యూటీ చేసిన మెడ,
రిటైరయ్యావంటే వినదు.

సంచిలో నాయినమ్మ భూదమ్మ బిస్కెట్ల డబ్బా.
లోపల మనియార్డరు రసీదులు, రెండొందల పదకొండు.
అన్నిటి మీదా ఒకటే పేరు: మానెమ్మ, కార్వాన్.
అన్నిటి మీదా ఒకటే మొత్తం: ఎనిమిది రూపాయలు.

తాతకు కార్వాన్‌లో ఇంకో సంసారం ఉందని
మా ఇంట్లో పిల్లలకు కూడా తెలుసు.
ఈ రసీదులు దొరికిన నాటి నుంచి భూదమ్మ
ఆయనకు అన్నం పెట్టింది గానీ
"తిను" అనలేదు.
ఆయన పోయిన రోజు బొట్టు చెరపడానికి వచ్చినవాళ్లతో
"సగమే నా మొగుడు,
సగం బొట్టు ఎట్ల తీస్తరు?" అంది.

రికార్డు గదిలో ఫ్యాను ఒకటో నంబరు దాటనివ్వరు,
కాగితాలు పొడి పొడిగా లేస్తాయని.
మిసిల్ కట్టిన ఎర్రగుడ్డ విప్పితే
దుమ్ము నాలుక మీద ఉప్పగా తగిలింది.
రఫత్ ఆపా కళ్లద్దాలు పైకి నెట్టి
పేజీ నిండా పాకిన ఉర్దూలోంచి
ఒక్కో చీమనూ పట్టి నాకు తెలుగు చేసి ఇస్తోంది:

"పదమూడొందల నలభై ఏడు ఫస్లీ, ఆజుర్ నెల పదిహేడు.
వాది మానెమ్మ, కంచరి, విధవ, తండ్రి బుచ్చయ్య.
ప్రతివాది మల్కయ్య, తండ్రి..."
ఆపా ఆగింది.
నేను రసీదుల డబ్బా మూత గట్టిగా పట్టుకున్నాను.
"బుచ్చయ్యే" అంది.

దావా పెద్దదేం కాదు.
బేగంబజారులో తండ్రి వదిలిన కొలిమి,
దాని కిరాయిలో ఆమె వంతు
నెలకు ఎనిమిది రూపాయలు, హాలీ సిక్కా.

తర్వాతి పేజీలో తాత, హలఫ్ మీద:
"ఈ ఆడమనిషి ఎవరో నాకు తెల్వదు.
నాకు ఒక చెల్లె ఉండె. గత్తరల సచ్చిపోయింది."

వకీలు అడిగాడు: ఆమె ఎడమచేతి మీద ఆ మచ్చ ఏమిటి?
"మూసల ఇత్తడి పోస్తుంటె చింది..."
అని రాసి కొట్టేశారు.
కొట్టేసిన గీత పక్కన: "తెల్వదు."

ఆ గీతను చాలాసేపు చూశాను.

మూడు పేషీలు. మూడుసార్లూ వాది గైర్‌హాజరు.
దావా ఖారిజ్.
అర్జీ చివర ఆమె బొటనవేలు, సిరా ఎక్కువై
మధ్యలో ముద్దకట్టి, అంచుల్లో మాత్రం స్పష్టంగా.

మొదటి రసీదు దావా పోయిన పద్నాలుగేళ్లకు.
చిల్లర లేకపోతే నేను టికెట్టు వెనక రాసిచ్చేదాన్ని,
మనిషి దిగేలోగా ఎట్లాగైనా ఇచ్చేదాన్ని.
తాతా, పద్నాలుగేళ్ల చిల్లర ఎవరి టికెట్టు వెనక రాశావు?
ఇంటి మనిషి నీకు ఉంపుడుగత్తెను అంటగడితే
ఆ నింద మోశావు,
చెల్లెలు బతికుందన్న ఒక్క మాట మోయలేకపోయావు.
భూదమ్మ నలభై ఏళ్లు ఎవరి మీద అలిగిందో
ఇప్పుడు ఏ కోర్టులో చెప్పుకోను?

నకలు కోసం ఫారం తీసుకున్నాను.
పేరు, చిరునామా, మిసిల్ నంబరు.
నాలుగో గడి: వాదితో సంబంధం.
పెన్ను ఆగింది.
ఈ ప్రశ్న మా ఇంటికి రావడం ఇది రెండోసారి.
"మనుమరాలు" అని రాశాను,
గడి చాలక చివరి అక్షరం గీత దాటింది.

గుమాస్తా చదవనే లేదు.
"జిరాక్స్ మిషిన్ ఖరాబైంది, బేస్తవారం రా అమ్మా" అన్నాడు.
వస్తానన్నాను.
పేషీ తప్పనని కూడా చెప్పబోయి,
అతనికేం అర్థమవుతుందని ఊరుకున్నాను.