చిరుగుల లెక్క

నేను ఒక్క ఆట గూడ ఆడలే.
కర్ర ఎట్ల పట్టుకోవాల్నో నాకు తెల్వది.
కాని మిర్యాలగూడల పూల్ ఆట
ఎప్పుడు ఉరికిందో ఎప్పుడు సల్లబడ్డదో
నన్నడుగుండ్రి.
చిరుగుల లెక్క నా దగ్గరున్నది.

లతీఫ్ మొదటిసారి వచ్చినప్పుడు
పెండ్లి సూటుకు కాలర్ ఎక్కిస్తున్న.
"రాజమల్లన్నా, మా బల్లకు అంగీ చినిగింది" అన్నడు.
సాగర్ రోడ్డుల ఎరువుల దుకాణం మీద,
యూరియా వాసనలకెళ్లి మెట్లెక్కితే
ఆకుపచ్చ మడి.
నీళ్లు లేవు, నాట్లు లేవు,
రంగురంగుల గుండ్లు.
బట్ట కింద బండరాయి. నా సూది దిగదు.
పరుపులు కుట్టే ఖాసీం కాడ వంకర సూది అడుక్కచ్చిన.
బల్ల మీద బోర్ల పండి,
రాతికి చెవి ఆనిచ్చి కుట్టిన.

ఆ ఏడు వారానికో చిరుగు.
అన్నీ కొత్త చేతులు.
వడ్ల సీజన్ల మిల్లుల ముంగట
లారీలు రెండు దినాలు, మూడు దినాలు లైన్ల నిలవడితే
క్లీనర్ పిలగాండ్లు పైకొచ్చేటోళ్లు
తవుడు అంటిన చేతులతోని.
గుండుకు తాకాల్సిన కర్ర బట్టల దిగేది.
మూడు మూలల చిరుగైతే తొందర.
పొడుగు గీతైతే కోపం.
సన్నటి పోటైతే
పక్కోని పైసలతోని ఆడినోడు.
చూడంగనే చెప్పేటోన్ని.
ఒకపారి మిల్లు సేటు కొడుకే దొరికిండు నాకు,
లతీఫ్ దగ్గి కిటికీ దిక్కు తిరిగిండు.

రాను రాను చిరుగులు తగ్గినయి.
ఆటనే తగ్గిందనుకున్న.
కాదు, చేతులు ఆరితేరినయి.
గోడ పొంటి నిలవడ జాగ లేదు,
నీలం సుద్దముక్క కోసం కొట్లాటలు.
మూల జేబు దగ్గర నా పాత కుట్టొకటి
కొంచెం ఉబ్బి ఉండేది.
దాని మీదికెళ్లి పోతే గుండు ఇంత ఒంగేది.
ఆ దెబ్బకు "రాజమల్లు మలుపు" అని పేరు వెట్టిండ్రట.
చాయ్ బండి కాడ నా పక్కన కూసోనే
ఆ మలుపు ముచ్చట చెప్పుకునేటోళ్లు.
రాజమల్లు నేనేనని
నేను చెప్పలే.

తర్వాత ఫోన్లొచ్చినయి.
ఓ పొద్దు మెట్ల మీద నలుగురు పిలగాండ్లు,
అదే ఆట, అరచేతుల.
వేలు గీస్తే గుండు పోతది.
పైన బల్ల ఖాళీ, లైటు బంద్.
"చినగని బట్ట ఏ మిల్లుదిరా అది?" అన్న.
ఒక్కడు తల ఎత్తలే.

ఆ ఏడాది ఒక్కటే పిలుపు.
చిరుగు కాదది, ఎలుక.

బల్ల విప్పిండ్రు. రాయి మూడు పలకలు.
ఒకటి టిఫిన్ సెంటరాయన కొనుక్కపోయి
దాని మీద చట్నీ గిన్నెలు వెట్టిండు.
రెండు లతీఫ్ ఇంటెనక బట్టలుతికే బండలైనయి.
బట్ట నాకిచ్చిండు.
కుట్టుమిషన్ మీద కప్పుకున్న.
ఎన్నేండ్లైనా దులిపినప్పుడల్లా
నీలంగ పొడి రాలుతనే ఉండె.

మొన్న ఫోన్.
బైపాస్ పక్కన కొత్త కాఫీ హోటల్,
అద్దాల తలుపు, గంటకు రెండొందలు.
నా సంగతి లతీఫ్ కొడుకు చెప్పిండట.
వంకర సూది తీస్కొని పోయిన.
ఖాసీం పోయిండు, సూది నాకాడనే మిగిలింది.
కండ్లద్దాలు తుడుచుకొని వంగిన.

మూడు మూలల చిరుగు.
లేతది. అంచుల పోగులింక మెత్తగున్నయి.
ఎంత నిమ్మలమైందో పానం.
చిరుగును చూసి సంబరపడ్డ దర్జీ
ఇంకెక్కడన్న ఉంటడో లేడో.

పక్కకు ఒక పిల్ల, నర్సింగ్ కాలేజీ కార్డు మెడల.
రవళిక అని ఉన్నది.
గోర్లు కొరుక్కుంట నిలవడ్డది.
"ఎవరు చింపిండ్రో మాకు తెల్వది తాతా" అన్నది,
నేను అడగకముందే.

చిరుగు ఒరిగిన దిక్కు చూసిన.
ఏమనలే.
కండ్లు ఆనుతలేవు, దారం ఎక్కియ్యి బిడ్డా అని
సూది ముంగటికి సాపిన.
ఎడమచేత్తోని అందుకున్నది.