లేసు కట్టుకుంటుండగా

వాన ఫ్లడ్‌లైట్ల కిందే కనబడుతుంది.
మిగతా స్కెల్‌బ్రిడ్జ్ అంతటా అది ఒట్టి చలి.

టీ కొట్టు రేకు కింద మేం నలుగురం,
మా మధ్య ఎప్పటిలాగే అతను:
నెవిల్ థ్రెల్ఫాల్, లెఫ్ట్ బ్యాక్, మూడో నంబరు చొక్కా.
పధ్నాలుగేళ్లు, నాలుగు వందల పదకొండు మ్యాచ్‌లు,
ఒకే ఒక్క గోలు.
ఎనభై ఎనిమిది మే నెల, ఆఖరి శనివారం.
ఆ గోలు పడకపోతే ఆ సాయంత్రమే లీగులోంచి జారిపోయేవాళ్లం.

ఎడమ కాలు, అంటాడు క్లిఫ్. ముప్ఫై గజాల నుంచి. పై మూలకి.
తల, అంటుంది మోరిన్. నుదుటి మీద కుట్లు కూడా పడ్డాయి.
ఇఫ్తిఖార్ అప్పటికి ఏడేళ్లవాడు, నాన్న భుజాలెక్కి చూశాడు.
ఏం చూశావురా అంటే
నాన్న టోపీ ఎగిరిపోవడం, అంటాడు.

నేనా?
నేనా నిమిషంలో మూత్రానికి వెళ్లాను.
ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు.
తడి గోడకి అవతల ఊరంతా ఒక్క గొంతై లేచింది.
బొత్తాలు పెట్టుకోకుండానే పరిగెత్తాను.
అప్పటికే అందరూ ఏడుస్తున్నారు.
నేనూ ఏడ్చాను, చూసినవాడిలా.

ఓడలు బళ్లవుతాయంటారు.
మా ఓడ బండైంది, బండి తోపుడు బండైంది,
దానికీ ఓ చక్రం ఊడింది.
లీగు పోయింది. దాని కింది లీగూ పోయింది.
తివాచీలమ్మేవాడొకడు క్లబ్బు కొని
ఆకాశానికి నిచ్చెనలు వేసి
ఫ్లడ్‌లైట్లు తాకట్టుపెట్టి పోయాడు.
ఓ చలికాలమంతా పక్క ఊరి మైదానంలో ఆడాం
అద్దెకున్నవాళ్లలా,
గోలు పడ్డా గట్టిగా అరవడానికి మొహమాటపడుతూ.
బకెట్లు పట్టుకుని బజార్లో నిలబడ్డాం.
మోరిన్ వాళ్లమ్మ పియానో అమ్మేసింది.
ఇప్పుడామెకి క్లబ్బులో ఓ వాటా ఉంది,
ఆ కాగితం ఫ్రేము కట్టించి బాత్రూంలో తగిలించుకుంది.
పోయినేడు ఓ మెట్టు ఎక్కాం.
కిందనుంచి లెక్కపెడితే బాగానే ఉన్నాం.

ఆట మానేశాక థ్రెల్ఫాల్ బాయిలర్లు బాగుచేసేవాడు.
మా ఇంటికీ వచ్చాడోసారి. మోకాలు వంగక
వంటింటి నేల మీద పక్కకి ఒరిగి
పైపు వెనక టార్చి వేసి చూశాడు.
ఆ గోలు గురించి అడుగుదామని నోరు తెరిచాను.
టీలో చక్కెర ఎంత, అన్నాను.

ఇవాళ వచ్చాడు.
గేటు దగ్గర కుర్రాడు గుర్తుపట్టలేదు,
ముసలివాళ్లకి ఆరు పౌండ్లన్నాడు.
చిల్లర లెక్కపెట్టి ఇచ్చి
మా వెనకే టీ వరసలో నిలబడ్డాడు,
కాలా తలా అని మేం కొట్టుకుంటుంటే వింటూ.

"వీపు," అన్నాడు.
"వంగి లేసు కట్టుకుంటున్నాను. వచ్చి వీపుకి తగిలింది.
కార్నరు ఎప్పుడు కొట్టారో కూడా నాకు తెలీదు."

కాసేపు రేకు మీద వాన.

క్లిఫ్ తన కప్పులోకి చూసుకున్నాడు.
మోరిన్ మాత్రం తగ్గలేదు.
"నీకెలా తెలుస్తుంది?
నువ్వు అటు తిరిగున్నావు. చూసింది మేం."

అతను ఆ మాట గురించి నిజంగానే ఆలోచించాడు.
"తలేనంటావా?"
"తలే. కుట్లు పడ్డాయి."
టోపీ తీసి నుదురు తడుముకున్నాడు,
తాళాలు ఏ జేబులో పెట్టానా అని వెతుక్కునేవాడిలా.
ఇఫ్తిఖార్ అతని టీకి డబ్బులిచ్చేశాడు.

విజిల్ పడింది. మాకు కార్నరు.
ఇప్పటి మా మూడో నంబరు, ఇంకా మీసాలు కూడా సరిగా రానివాడు,
పెనాల్టీ గీత దగ్గర ఒక మోకాలి మీద కూర్చుని
లేసు కట్టుకుంటున్నాడు.

ఐదుగురం ఊపిరి బిగబట్టాం.
రెండు కప్పుల టీ తాగాన్నేను. కడుపు ఉబ్బిపోతోంది.
ఈసారి మాత్రం కదలను.