మూడో బిందె

వాషర్‌మన్‌పేటకి నీళ్ల లారీ వచ్చిన పొద్దు
కథలో బాగానే కుదిరింది.
ఇత్తడి బిందె అంచు తగిలి దేశమ్మ నుదురు చిట్లడం,
సగం తెలుగు సగం అరవంలో తిట్లు,
డ్రైవరు హారన్ మీంచి చెయ్యి తియ్యకపోవడం
ఒక్క రాత్రిలో రాసేశాను.
బయటి గొడవకి సాక్షులుంటారు,
అడిగితే చెబుతారు.

సంపాదకుడు ఫోన్ చేశాడు:
"అంతా బావుందండీ,
మూడో బిందె ఆవిడది కదా,
తొమ్మిదోది ఎట్లా అయింది?"

గాలి జరిపిందని రాశాను. కొట్టేశాను.
కుక్క అని రాశాను.
చివరికి పక్కసందు కన్నయ్య మీదికి తోశాను,
పాపం, కథలో కూడా వాడికి నోరు లేదు.

తెల్లారగట్ల నాలుగింటికి
వీధిదీపం ఆరిన ఆ కాసేపు
ఖాళీ బిందె ఎంత తేలికో
నా కుడికాలికి తెలుసు.

ఇప్పుడు మంగళవారాల్లో
దేశమ్మే నన్ను ముందుకి పొమ్మంటుంది
"పంతులమ్మా, నీకు బడికి టైమవుద్ది" అని.
కుట్లు పడ్డ నుదుట
బొట్టు కాస్త పక్కకి పెట్టుకుంటోంది.

కథ ఇంకా పంపలేదు.
కన్నయ్య పేరు కొట్టేసిన చోట
"నే" అని రాసి ఆగాను.
పెన్ను ఎత్తలేదు,
కాయితం సిరా పీలుస్తోంది.