చుక్క

రాత్రి రెండున్నర.
చిత్తూరు పెద్దాసుపత్రి, పిల్లల వార్డు.
పన్నెండో మంచం మీద మునిరాధ కొడుకు
ఎండిన పెదాలు చప్పరిస్తున్నాడు.
చెంప మీది దిష్టిచుక్క
చెమటకి కరిగి చెవిదాకా జారింది.
గుజ్జు ఫ్యాక్టరీ నుంచి అట్నే వచ్చేసినట్టుంది,
ఆమె చేతులింకా తోతాపురి వాసనే.

కేస్‌షీటులో జ్వరం చుక్కల మందు పక్కన
పదిహేను ఎం.ఎల్.
సీసా ఎత్తి చూశాను.
మొత్తం వంచితేనే పదిహేను!

పదకొండేళ్ళ అలవాటు చెయ్యి
మూత దగ్గర ఆగింది.
టార్చి వేసి చూస్తే
ఒకటికీ ఐదుకీ నడుమ, కాగితం మడతలో,
సూదిమొనంత సిరా.

ట్రైనింగులో వజ్రమ్మ మేడమ్ అనేది:
చుక్క ముందు అంకె లేకపోతే
ఒక సున్నాని కాపలా పెట్టండే,
చుక్క వెనక మాత్రం
ఉత్త సున్నాని నిలబెట్టకండి, అది ప్రాణాలు తీస్తుంది.
అప్పుడు నవ్వుకున్నాం.

హరీంద్ర డాక్టరు నిద్రకళ్ళతో వచ్చాడు.
బిడ్డని మళ్ళీ తూచాం.
తొమ్మిది కిలోల ఎనిమిది వందలు.
నా లెక్క నేను, రోజ్‌లిన్ లెక్క రోజ్‌లిన్,
ఒకరిది ఒకరం చూసుకోకుండా.
ఒకటిన్నర. ఇద్దరికీ.
ఆయన అంకె కొట్టేసి అక్షరాల్లో రాశాడు.
పెన్ను కొంచెం వణికింది.
నేను కిటికీ వైపు చూశాను.

నోటి మందుకి ఊదారంగు సిరంజి వేరే ఉంది.
చేతికున్న సెలైన్ గొట్టానికి అది పట్టదు.
పట్టకూడదనే అట్లా చేశారెవరో,
వాళ్ళ కడుపు చల్లగుండ.
తల కొంచెం పైకెత్తి, బుగ్గ లోపలి వైపు
మెల్లగా, మింగనిచ్చి, మళ్ళీ కొంచెం.

"మా కాలంలో ఉగ్గుగిన్నికి సగం పోసేదాన్ని,
ఎవురు సచ్చినారు?" అంది గంగులవ్వ మంచం కిందనుంచి.
బతికినోళ్ళే కదవ్వా ఈ మాట అడిగేది
అనబోయి, దుప్పటి సర్ది ఊరుకున్నాను.

మూడోనాడు ఇంటికి పోతూ మునిరాధ:
"నాకు అంకెలు రావు సిస్టరమ్మా,
యాడిదాకా పొయ్యాల?"
కొంగుముడి విప్పి కాటుక డబ్బీ ఇచ్చింది గుర్తుకి.
చెరిగిపోతుంది మే, అని
నల్ల మార్కరుతో ఒకటిన్నర దగ్గర గీత గీసిచ్చాను.
ఆరు గంటలకి ముందు మళ్ళీ పొయ్యొద్దు,
వేరే సీసా అయితే ఈ గీత పనికిరాదు,
ముందు నాకు చూపించు.

సిరంజిని వెలుతురుకి ఎత్తి
"దీనిక్కూడా దిష్టి తీసినావా" అని నవ్వింది.
బస్సు టైమయింది.
పన్నెండో మంచానికి అప్పుడే
ఇంకో బిడ్డని తెచ్చారు.
తూకం మిషన్ తుడిచి
సున్నాకి వచ్చిందో లేదో చూశాను.